ఒక కణంలో ఇద్దరు అతిథులు

వైరస్‌ను వేరుచేసి, శుద్ధిచేసి, ఒక్కదాన్నే పళ్లెంలో పెంచి చూడటం వైరాలజీకి పునాది. ఏ జబ్బుకు ఏది కారణమో అలాగే తేలింది, టీకాలూ అలాగే వచ్చాయి. కానీ మన ముక్కు, గొంతు అంత శుభ్రమైన చోట్లు కావు. జలుబు తెచ్చే రైనోవైరస్ ఉన్నచోటికే ఫ్లూ కూడా రావచ్చు. అప్పుడు జరిగేది రెండు జబ్బుల కూడిక మాత్రమే కాదని నా వాదన. 1957లో లండన్‌లో శాస్త్రవేత్తలు ఐజాక్స్, లిండెన్‌మన్ వేడితో చంపిన ఫ్లూ వైరస్‌ను కోడిగుడ్డు పిండం పొరకు తగిలించారు. ఆ పొర వదిలిన పదార్థం వేరే పొరలను కూడా వైరస్ నుంచి కాపాడింది. ఇంటర్‌ఫెరాన్ అలా దొరికింది. ఒక వైరస్ మరొకదానికి ఎందుకు అడ్డుపడుతుందని అడగబట్టే అది దొరికింది.

ఫ్లూ, రైనోవైరస్ ఒకే రోగిలో అరుదుగా కలిసి కనిపిస్తాయి. వాటి రుతువులు వేరు, అంతకుమించి ఏమీ లేదని కొందరంటారు. గట్టి అభ్యంతరమే. అయితే గ్లాస్గోలో తొమ్మిదేళ్ల పాటు నమోదైన 44 వేలకు పైగా శ్వాసకోశ జబ్బు కేసులను పరిశీలించి 2019లో ప్రచురించిన విశ్లేషణలో, కాలాన్నీ వయసునూ లెక్కలోకి తీసుకున్నా ఆ ఎడం పోలేదు. మరుసటి ఏడాది యేల్ పరిశోధకులు శ్వాసనాళపు కణాలకు ముందు రైనోవైరస్ సోకించి, మూడు రోజులాగి ఫ్లూ వైరస్ వదిలారు. అది సరిగా పెరగలేదు. కణాల ఇంటర్‌ఫెరాన్ స్పందనను మందుతో ఆపితే మళ్లీ పెరిగింది. పళ్లెంలో రుతువులుండవు కదా! అలాగని జలుబు మేలు చేస్తుందనుకోకూడదు. ఉబ్బసం ఉన్నవారికి రైనోవైరస్ ప్రమాదకరం, ఆ అడ్డు కూడా ఎల్లకాలం నిలిచేది కాదు.

అన్ని జంటలూ ఇలా తగవులాడుకోవు. 2022లో గ్లాస్గో పరిశోధకులు ఊపిరితిత్తుల కణాలకు ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ అనే మరో శ్వాసకోశ వైరస్ రెంటినీ సోకిస్తే, రెండింటి ప్రోటీన్లూ ఉన్న మిశ్రమ కణికలు బయటపడ్డాయి. ఫ్లూను అడ్డుకునే యాంటీబాడీలను అవి తప్పించుకున్నాయి. ఇది ప్రయోగశాల కణాల్లో చూసినదే, దీన్నిబట్టి రోగుల గురించి తీర్పు చెప్పకూడదనడం న్యాయమే. కానీ ఒక్క వైరస్ ఉన్న పళ్లెంలో ఈ ప్రశ్నే పుట్టదు. పైగా కాలేయం విషయంలో సాక్ష్యం రోగుల్లోనే ఉంది. హెపటైటిస్ డి వైరస్‌కు సొంత పైతొడుగు లేదు, హెపటైటిస్ బి తొడుగునే వాడుకుంటుంది. బి లేనిచోట డి వ్యాపించలేదు, అందుకే బి టీకా డి నుంచి కూడా కాపాడుతుంది. రెండూ ఉన్నవారికి కాలేయం గట్టిపడే ముప్పు బి ఒక్కటే ఉన్నవారికంటే ఎక్కువ. కాబట్టి బి ఉందని తేలిన మనిషికి డి పరీక్ష కూడా మామూలుగా చేయాలంటాను.