కెప్టెన్ జేన్‌వే నిర్ణయాల్లో ద్వంద్వ నీతి: ‘ఫేజ్’, ‘టూవిక్స్’ కథాభాగాల పరిశీలన

1. ప్రవేశిక:
అధికారం చేతిలో ఉన్న పాత్ర నీతిని అంచనా వేయడానికి ఒక్క నిర్ణయం చాలదు. ఒకే ధర్మసంకటం రెండుసార్లు ఎదురైనప్పుడు ఆ పాత్ర ఏం చేసిందో చూడాలి. అమెరికన్ వైజ్ఞానిక కల్పనా ధారావాహిక ‘స్టార్ ట్రెక్: వాయేజర్’ (1995-2001)లోని కెప్టెన్ క్యాథరిన్ జేన్‌వే పాత్ర అందుకు తగిన ఉదాహరణ. స్వస్థలానికి దశాబ్దాల ప్రయాణదూరంలో చిక్కుకున్న ఆ నౌకలో ఆమె మాటే తుది తీర్పు.

2. రెండు సందర్భాలు:
‘ఫేజ్’ (1995)లో అవయవాలను హరించే వ్యాధికి గురైన విడియన్లు, నౌకలోని నీలిక్స్ ఊపిరితిత్తులను దొంగిలిస్తారు. అప్పటికే అవి వారిలో ఒకరి శరీరంలో అమరిపోయాయి. తిరిగి తీసుకుంటే అతడు మరణిస్తాడు. ఒకరిని బతికించడానికి మరొకరిని చంపడం తన నాగరికతకు సమ్మతం కాదని చెప్పి, జేన్‌వే వారిని విడిచిపెడుతుంది.

‘టూవిక్స్’ (1996)లో రవాణా యంత్ర ప్రమాదం వల్ల టూవాక్, నీలిక్స్ ఒకే శరీరంగా కలిసిపోయి కొత్త వ్యక్తి రూపొందుతాడు. వారాలు గడిచేసరికి అతనికి తనవైన స్నేహాలు, విధులు ఏర్పడతాయి. విడదీసే మార్గం దొరికినప్పుడు తనను బతకనివ్వమని సహచరులను వేడుకుంటాడు. ఒక్కరూ నోరు మెదపరు. వైద్యుడు నిరాకరించగా జేన్‌వే స్వయంగా ఆ పని పూర్తిచేస్తుంది.

3. పరిశీలన:
ఒక ప్రాణానికి రెండు ప్రాణాలు దక్కాయన్నది జేన్‌వే పక్షాన చేయదగిన బలమైన వాదం. అయితే ‘ఫేజ్’లో ఆమె ప్రకటించినది సూత్రమే కాని లెక్క కాదు. పైగా అక్కడ ప్రాణం దక్కించుకున్నవారు నేరస్థులు, ఇక్కడ ప్రాణం కోల్పోయినవాడు నిరపరాధి. రెండింటినీ కలిపి చదివితే తేడా ఒక్కచోటే కనబడుతుంది: టూవిక్స్ ఆమె ఆజ్ఞకు లోబడినవాడు. పరాయివారి విషయంలో నిలిచిన సూత్రం తన అధీనంలోని వ్యక్తి విషయంలో సడలింది.

తెలుగు పాఠకులకు ఈ సందర్భం కొత్తది కాదు. ఉత్తరకాండలో శంబుకుని వధతో మృతబాలుడు తిరిగి బతుకుతాడు. త్రిపురనేని రామస్వామి ‘శంబుక వధ’ నాటకం ఆ కథను వధ్యుని పక్షాన నిలిచి ప్రశ్నించింది. ఎవరి ప్రాణం కోసం ఎవరి ప్రాణం, ఆ నిర్ణయం ఎవరిది అన్న ప్రశ్న టూవిక్స్‌కూ వర్తిస్తుంది.

జేన్‌వే పక్షాన ఒక మాట చెప్పాలి. ఆమె ఆ భారాన్ని మరొకరి మీదికి నెట్టలేదు. చివరి దృశ్యంలో ఆమె ముఖంలోని బరువు ఆ సంగతినే తెలుపుతుంది. కాని బాధపడటం వేరు, జవాబు చెప్పడం వేరు. తర్వాతి కథాభాగం ఈ చర్చను కొనసాగించదు.

4. ముగింపు:
జేన్‌వే దోషం నిర్ణయం మారడంలో లేదు. పరిస్థితిని బట్టి నిర్ణయం మారవచ్చు. మారినందుకు కారణం చెప్పకపోవడమే ద్వంద్వ నీతి. బతికి బయటపడినవారికి కథ కొనసాగింది. తన తరఫున మాట్లాడేవారు లేక మరణించిన పాత్ర పక్షాన ఆ కారణాన్ని అడగడం విమర్శ బాధ్యత.