స్వస్థత తరువాతి బాకీలు : 'లైఫ్ సెంటెన్స్' ధారావాహిక – ఒక పరిశీలన

సాధారణంగా రోగకథలు ముగిసే చోట 'లైఫ్ సెంటెన్స్' ప్రారంభమవుతుంది. 2018లో అమెరికాలోని ది సి.డబ్ల్యు. ఛానెల్ 13 భాగాలుగా ప్రసారం చేసిన ఈ ధారావాహికలో, ఏళ్ళ తరబడి మరణానికి సిద్ధపడిన స్టెల్లా ఆబట్‌కు (లూసీ హేల్) కాన్సర్ నయమైందని తెలుస్తుంది. ఆయుష్షే శిక్షగా పరిణమించడం శీర్షికలోని శ్లేష.

ఇందులో బలమైన భాగం ప్రణయం కాదు, కుటుంబం. స్టెల్లా ఎదుట అందరూ సంతోషాన్ని నటించారు. చికిత్స కోసం ఇంటిని తాకట్టు పెట్టారు. తల్లిదండ్రుల దాంపత్యం లోలోపలే బీటలువారింది. అక్క రచయిత్రి కావాలన్న ఆకాంక్షను వదులుకుంది. కొద్దినెలల కాపురమనుకొని పెళ్ళాడిన భర్త వెస్ సైతం తన ఇష్టానిష్టాలను దాచాడు. ఇవన్నీ ఆమె కోలుకున్నాకే బయటపడతాయి. రోగమే ఆ ఇంటిని కలిపి ఉంచిన కట్టు. అది ఊడగానే గాయం కనిపించింది. రోగికి దక్కిన మినహాయింపులు ఆరోగ్యవంతురాలికి దక్కకపోవడంలోనే ఇందలి హాస్యమంతా ఉన్నది.

వ్యాధి నెమ్మదించినా పూర్తిగా నయమైందని ఎన్నడూ చెప్పలేనివారిని ఆర్థర్ ఫ్రాంక్ 'ది వూండెడ్ స్టోరీటెల్లర్' (1995)లో 'రెమిషన్ సొసైటీ'గా వ్యవహరించాడు. ఆ భావన వెలుగులో ధారావాహిక పరిమితి స్పష్టమవుతుంది. వైద్యుని మాటను ఇది తుదితీర్పుగా స్వీకరించింది. చికిత్స దేహంలో మిగిల్చే అలసటకు, వ్యాధి తిరగబెడుతుందేమోనన్న భయానికి తగిన చోటివ్వలేదు. తాకట్టు లెక్కను అంత నిక్కచ్చిగా చెప్పిన రచన, దేహం లెక్క దగ్గర మాత్రం తొందరపడింది. కురచ జుట్టు తప్ప స్టెల్లాపై రోగచిహ్నం దాదాపు లేదు.