గిరీశం చుట్ట, వెంకటేశం భయం

మత్తుమందుల గురించి పిల్లలకు చెప్పాలంటే మన షార్ట్ ఫిల్ములకు ఒకటే మూస: చీకటి సందు, ఎర్రకళ్ళ విలన్, అమాయకుడైన కుర్రాడు, చివర్లో పోలీసు అధికారి సందేశం. ఇలాంటివి చూసినప్పుడల్లా నాకు 'కన్యాశుల్కం' గుర్తొస్తుంది. గురజాడ 1909లో తిరగరాసిన కూర్పు సంగతి చెబుతున్నాను. అందులో వెంకటేశానికి చుట్ట అలవాటు చేసింది ఎర్రకళ్ళవాడు కాదు. వాడికి తెలిసినవాళ్ళందరిలోకీ సరదాగా మాట్లాడే మనిషి.

చుట్టకీ గంజాయికీ పోలికేమిటంటారా? సరుకు వేరు, అంటగట్టే పద్ధతి అదే. గిరీశం బలవంతపెట్టడు. తెల్లవాడు స్టీము యంత్రం కనిపెట్టింది చుట్ట చలవేనంటాడు. అది చాలదన్నట్టు పురాణం పేరు చెప్పి ఓ పద్యం చదువుతాడు. అటు దొరలు, ఇటు శాస్త్రం. ఎటు తిరిగినా కాల్చనివాడే వెర్రివాడు. ఇవాళ హాస్టల్ గదిలో 'ఇది నేచురల్ రా, అమెరికాలో లీగల్' అనేవాడు గిరీశానికి మునిమనవడి వరస.

ఇక్కడిదాకా నవ్వుకుని వదిలేస్తాం. కానీ వెంకటేశం ఏమీ తెలియక మోసపోయినవాడు కాదు. మీవల్ల చుట్ట తప్ప నాకొచ్చిందేమీ లేదని గురువు మొహమ్మీదే అనేస్తాడు. 'నో చెప్పడం' నేర్పే క్లాసు పెడితే ఫస్టు మార్కు వాడిదే! మరెందుకు వదలడు? పరీక్ష పోయింది. ఊరెళ్తే తండ్రి ఎముకలు విరగ్గొడతాడు. ఆ భయం చెప్పుకోడానికి వాడికున్నది గిరీశం ఒక్కడే. ఆయనకీ పట్నం వదిలి పారిపోయే అవసరం పడింది కనుక, చదువు చెప్పే మిషతో వెంట బయల్దేరతాడు. అగ్నిహోత్రావధాన్లు కోపమే గిరీశం పెట్టుబడి. 'ఫెయిలయ్యాను నాన్నా' అని ఇంట్లో చెప్పగలిగే కుర్రాడితో ఆయనకి బేరం కుదరదు.

1983లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన 'డేర్' కార్యక్రమంలో పోలీసులే క్లాసుకొచ్చి పాఠం చెప్పేవారు. దానివల్ల పిల్లల వాడకం పెద్దగా తగ్గలేదని తర్వాతి పరిశీలనలు తేల్చాయి. వెంకటేశాన్ని చదివినవాళ్ళకి ఇందులో వింతేం కనబడదు. వాడికి కొరవడింది సమాచారం కాదుగా.

గురజాడ మీద నాకో ఫిర్యాదుంది. నాటకం సాగేకొద్దీ ఈ పిల్లాణ్ణి పక్కకి నెట్టేశాడు. అయినా అగ్రహారం చేరాక ఒక సీను ఉంది. తల్లి వెంకమ్మ ముచ్చటపడి ఇంగ్లీషులో మాట్లాడుకోమంటే, గురుశిష్యులిద్దరూ ఇంగ్లీషు పద్యాలూ, పాఠాల ముక్కలూ వల్లిస్తారు. ఆవిడ మురిసిపోతుంది. హాల్లో జనం పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వుల్లో పరీక్ష సంగతి అడిగేవాళ్ళుండరు.