ఒక్క దిశలో వంగే గాజు

అనమార్ఫిక్ లెన్సు పనితనమంతా ఒక రకం గాజులో ఉంది. మామూలు కటకం అన్ని వైపులా వంగి ఉంటుంది. ఇది స్తంభం నుంచి నిలువునా తీసిన పెచ్చులా ఒక్క దిశలోనే వంగుతుంది. అందుకే దృశ్యాన్ని అడ్డంగా మాత్రమే నొక్కి సెన్సారు మీదికి పంపుతుంది. తర్వాత దాన్ని తిరిగి సాగదీస్తారు. లోపలి గాజుల అక్షాలు ఒకదానితో ఒకటి కలవాలి. వెంట్రుకవాసి తిరిగినా బొమ్మ పదును చెడుతుంది. ఆ కుదురు పట్టించే చేతులంటే నాకెంతో గౌరవం.

ఫ్రాన్సులో ఆన్రీ క్రెత్యాఁ 1920ల్లో రూపొందించిన ఈ పద్ధతే 1953లో 'ది రోబ్' చిత్రంతో సినిమాస్కోప్ అయింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'. అప్పటి నొక్కు రెండింతలు. తొలితరం లెన్సుల్లో క్లోజప్‌కి వెళ్తే ముఖాలు ఉబ్బినట్టు కనిపించేవి.

ఇప్పటి కెమెరాల ఫుల్ ఫ్రేమ్ సెన్సారు 36×24 మిల్లీమీటర్లు, అంటే వెడల్పు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు. దానికి 1.6 రెట్ల నొక్కు చాలు, వెడల్పు తెరకు కావలసిన 2.4 నిష్పత్తి వచ్చేస్తుంది. నొక్కు తగ్గడంతో లెన్సును చిన్నగా, తేలికగా చేయడం సులువైంది. నిజమే, వెనకున్న దీపాలు పాత లెన్సుల్లో సాగినంత కోలగా సాగవు. ఆ నష్టం నాకు సమ్మతమే. భుజం మీద కెమెరాతో ఇరుకు వంటగదిలోకి, కారు వెనక సీట్లోకి కూడా ఆ వెడల్పాటి చూపును తీసుకెళ్లవచ్చు.