చౌడూ బూడిదా

గాజు గుండ విద్యుత్తు పాఱదని చిన్ననాడు నేర్చిన పాఠమును నలుబదియేండ్లుగా ఎదుటివారికి వల్లించుచున్న నన్ను, కొల్లేటి యొడ్డున చేపలచెరువు గల మా మేనల్లుడు ఈ వారము తికమకపెట్టెను. నీటి పీహెచ్ చూచు మీటరు కొనయందలి పలుచని గాజుబుడ్డిని నా ముఖమున కెదురుగా పట్టి, "మరి ఇదెలా పనిచేస్తంది మావయ్యా?" అనినాడు.

వెదకి చదువగా తెలిసినదేమన, ఇసుక సులువుగా కరగుటకై కలిపిన క్షారపు అయానులు, సిలికా అల్లిక తెగిన తావుల ఆమ్లజని ప్రక్కన కాపురముండి, ఒకటి ఖాళీచేసిన గూటిలోనికి వేఱొకటి దుముకుచు విద్యుత్తును మోయును. చౌడులోని సోడియమైనను, కట్టెబూడిదలోని పొటాషియమైనను ఈ పని చేయగలవు. కాని మొత్తము క్షారము మారకుండ సగము సోడియమునకు బదులు పొటాషియమును పెట్టినచో, వాహకత ఆ రెంటి నడుమ నిలువక, తక్కువ వేడిమివద్ద వేయిరెట్లకు మించియు పడిపోవును. సాంద్రత మాత్రము బుద్ధిగా నడుమనే నడచును! సోడియము విడిచిన గూడు పొటాషియమున కిఱుకు. పొటాషియము విడిచినది సోడియమునకు వదులు. ఇరుతెగలవారును ఒండొరుల త్రోవల కడ్డుపడుదురు.

కల్తీపై నాకు గల కోపము నా పాఠకులకు క్రొత్త గాదు గనుక, ఇది చదివి నేనెంత సంతసించితినో వారూహింపగలరు. పెదవేగి దిబ్బలపై వాన వెలిసిన మఱునాడు పూసలు వెదకు పిల్లలలో నేనొకడను. నాకొక నీలిపూస దొరికినపుడు, అది ఒకనాడు అచట ఏలిన శాలంకాయనుల రాణిదని నేనును, సంతలో ఎవతెయో జారవిడిచినదని మా నాయనమ్మయు వాదులాడితిమి. ఆమె బట్టలకు చౌడుమన్నును, అంట్లకు బూడిదయు వాడెడిది. ఒకదాని కుండలో వేఱొకటి పడిన ఇల్లెగురగొట్టెడిది. ప్రాచీన రేవగు అరికమేడులో సోడాగాజు పూసలును పొటాషుగాజు పూసలును దొరికినవని చదివినపుడెల్ల నాకు ఆ రెండు కుండలే కనబడును.

1883లో బెర్లినున రుడాల్ఫ్ వెబర్, రెండు క్షారములు కలిసిన గాజుతో చేసిన ఉష్ణమాపకములు ఒకసారి కాగి చల్లారిన పిమ్మట సున్న తప్పి దిగజారుచున్నవని చూపెను. యేనాలో ఒటో షొట్ ఒకే క్షారముతో నమ్మదగిన గాజు చేసెను. ఇంక నాకు సాక్ష్యమేల?

అయినను తీర్పు వ్రాయబోవుచు తలయెత్తితిని. వరండాలో పాతకాలపు బల్బు వెలుగుచుండెను. దాని తీగలను పట్టియుంచు గాజుకాడ గుండ విద్యుత్తు కారకుండవలెనని, సీసపుగాజులో సోడియమును పొటాషియమును కోరి కలుపుదురు. కావున గాజుపట్ల నా ఫిర్యాదును ఉపసంహరించుకొనుచున్నాను, పాలవానిపట్ల కాదు.