ప్రీసెట్‌లో రాయని సంఖ్య

వంటల పుస్తకంలో "రెండు చెంచాల కారం వేయండి" అని ఉంటుంది. ఏ కారం? గుంటూరు మిరపకాయలు దంచిన కారమా, లేక రంగు ఎక్కువగా, ఘాటు తక్కువగా ఉండే బ్యాడిగి కారమా? పుస్తకం రాసినావిడ తన వంటింటి డబ్బాను దృష్టిలో పెట్టుకుని రెండు చెంచాలన్నారు. మీ ఇంటి డబ్బా వేరు. కూర చెడితే తప్పు ఎవరిది?

ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుంటున్న విద్యార్థులకు సరిగ్గా ఇలాంటి చిక్కే ఎదురవుతోంది. మా మేనల్లుడు ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. కాలేజీ వార్షికోత్సవానికి అతనూ, స్నేహితుడూ ఒకే 'యాంప్ మోడలర్' పెట్టెను పంచుకున్నారు. ప్రీసెట్ కూడా ఒకటే. స్నేహితుడు వాయిస్తే గిటార్ గర్జించింది. మావాడు వాయిస్తే పల్చగా, నీరసంగా పలికింది. వాల్యూమ్ పెంచి చూశాడు. శబ్దం పెద్దదయింది గాని ఆ గర్జన రాలేదు. "మామయ్యా, నా గిటార్ పనికిరాదు. ఇది అమ్మేసి వేరేది కొనుక్కోవాలి" అన్నాడు. ఆ మొదటి గిటార్ కొనడానికే వాళ్ళ నాన్న ఎంత ఇబ్బంది పడ్డారో నాకు తెలుసు. అంచేత ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని సంగతి తేల్చుకున్నాం. గిటార్‌లో లోపం లేదు. లోపం ప్రీసెట్‌లో ఉంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ప్రీసెట్‌లో రాయకుండా వదిలేసిన ఒక సంఖ్యలో ఉంది.

ముందు ఈ పెట్టె ఏం చేస్తుందో చూద్దాం. పాత వాల్వు యాంప్లిఫయర్లు బరువైనవి, ఖరీదైనవి. వాటిలోని వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు గిటార్ సంకేతాన్ని ఎలా మారుస్తాయో లెక్కగట్టి, అదే మార్పును మైక్రోప్రాసెసర్ చేత చేయించేదే మోడలర్. 1998లో లైన్ 6 కంపెనీ తెచ్చిన 'పాడ్' ఈ రకాన్ని సామాన్య వాద్యకారులకు పరిచయం చేసింది. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్క్‌ల సాయంతో ఒక యాంప్లిఫయర్ ప్రవర్తనను నేర్చుకునే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. ప్రీసెట్ అంటే ఆ పెట్టెలోని నాబ్‌లన్నిటినీ ఎవరో ఒకరు ముందే తిప్పి, ఆ స్థానాలను భద్రపరచిన పట్టిక.

ఆ 'ఎవరో ఒకరు' ఏ గిటార్‌తో తిప్పారు? అసలు ప్రశ్న ఇదే.

గిటార్ తీగల కింద ఉండే పికప్‌లో అయస్కాంతాలూ, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ కొన్ని వేల చుట్లూ ఉంటాయి. ఉక్కు తీగ కంపించినప్పుడు చుట్టలోని అయస్కాంత అభివాహం మారుతుంది. ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ వల్ల వోల్టేజి పుడుతుంది. ఎంత వోల్టేజి అనేది చుట్ల సంఖ్య, అయస్కాంత బలం, తీగకూ పికప్‌కూ మధ్య దూరం, మీటే చేయి – వీటన్నిటి మీదా ఆధారపడుతుంది. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్లలో ఒక్కో పికప్‌కు ఒకే చుట్ట. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రూపొందించిన 'హంబకర్'లో రెండు చుట్టలు. బయటి కరెంటు తీగల నుంచి వచ్చే గుయ్యిమనే రొద ఆ రెండు చుట్టల్లో ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది. గిటార్ తీగల సంకేతాలు మాత్రం కలిసి పెరుగుతాయి. ఒంటి చుట్ట నుంచి గట్టిగా మీటితే సుమారు 150 మిల్లీవోల్టులు వస్తున్నాయనుకోండి. బలమైన హంబకర్ నుంచి 450 మిల్లీవోల్టులు రావడం వింతేమీ కాదు. అంటే 3 రెట్లు. డెసిబెల్స్‌లో చెబితే 20 ను 3 యొక్క సంవర్గమానంతో గుణించాలి: సుమారు 9.5.

"3 రెట్లే కదా, చివర్లో వాల్యూమ్ 3 రెట్లు పెంచితే సరిపోదా?" అని మీరడగవచ్చు. మావాడు చేసినది అదే. యాంప్లిఫయర్ రేఖీయంగా పనిచేస్తే నిజంగా సరిపోయేది. కాని గిటార్ యాంప్లిఫయర్ రుచి అంతా అది రేఖీయంగా పనిచేయకపోవడంలోనే ఉంది. 12ఎఎక్స్7 అనే చిన్న ట్రయోడ్ వాల్వు మొదటి అంచెలో సంకేతాన్ని 50 రెట్లు పెంచుతుందనుకుందాం. 0.15 వోల్టు 7.5 వోల్టులవుతుంది, 0.45 వోల్టు 22.5 వోల్టులవుతుంది. తర్వాతి వాల్వు గ్రిడ్ ఏ గొడవా లేకుండా తీసుకోగలిగేది ఒకటి రెండు వోల్టులే. మధ్యలో ఉండే 'గెయిన్' నాబ్ ఎంత వదిలితే అంతే ముందుకు పోతుంది. మోతాదు మించితే తరంగం కొనలు తెగిపోతాయి. ఆ తెగడంలోంచే గర్జన పుడుతుంది.

దీన్ని మీరు కాగితం మీద సరిచూసుకోవచ్చు. యాంప్లిఫయర్‌కు బదులు ఒక చిన్న సూత్రం తీసుకోండి: బయటికి వచ్చేది = x − x³/3. లోపలికి A పరిమాణం గల సైన్ తరంగం పంపండి. త్రికోణమితి పాఠంలోని sin³ సూత్రం వాడితే, మూల స్వరం A − A³/4 గానూ, దానికి మూడు రెట్ల పౌనఃపున్యం గల కొత్త స్వరం A³/12 గానూ వస్తాయి. A = 0.3 అయితే మూల స్వరం 0.293, కొత్త స్వరం 0.00225. అంటే నూటికి ఒక వంతు కూడా లేదు. A = 0.9 అయితే మూల స్వరం 0.718, కొత్త స్వరం 0.061. నూటికి ఎనిమిదిన్నర వంతులు. లోపలికి పంపినది 3 రెట్లు పెరిగితే మూల స్వరం రెండున్నర రెట్లు కూడా పెరగలేదు, కొత్త స్వరం మాత్రం 27 రెట్లు పెరిగింది! ఇప్పుడు మొదటి ఫలితాన్ని చివర్లో ఎంత హెచ్చించినా దానిలోని నిష్పత్తి మారదు. కూర ఉడికాక వడ్డించే గరిటె పెద్దదైతే కారం పెరగదు కదా.

ఇక నా ఫిర్యాదు. ఈ పెట్టెలు తయారుచేసినవారి ప్రతిభను తక్కువ చేయడం లేదు. వాల్వు ప్రవర్తనను అంత దగ్గరగా అనుకరించడం సామాన్యమైన పని కాదు. కాని ప్రీసెట్లకు ఘనమైన పేర్లు పెట్టి, వాటిని ఏ పికప్‌తో, ఎంత వోల్టేజి వద్ద తయారుచేశారో చెప్పకపోవడం ప్రయోగశాల రికార్డులో "పొడవు 5" అని రాసి ప్రమాణం వదిలేయడం లాంటిది. అలా రాస్తే మీ లెక్చరర్ ఊరుకుంటారా? కొందరు "సింగిల్ కాయిల్ కోసం" అని రాస్తున్నారు. అది సగం మేలు. ఒంటి చుట్టల్లోనే బలహీనమైనవి, బలమైనవి ఉన్నాయి.

"నిజమైన యాంప్లిఫయర్‌కు మాత్రం మీ గిటార్ ఏదో తెలుసా?" అని తయారీదారుల పక్షాన వాదించవచ్చు. న్యాయమైన వాదనే. కాని నిజమైన యాంప్లిఫయర్ ముందు కూర్చున్న మనిషి నాబ్‌ను తన చెవితో తానే తిప్పుకుంటాడు. ప్రీసెట్‌లో ఆ నాబ్‌ను ఇంకొకరు, ఇంకొక గిటార్‌తో, ముందే తిప్పేశారు. పైగా "అచ్చం ఫలానా ధ్వని" అని హామీ కూడా ఇచ్చారు.

ఇంతకంటే చిరాకు పుట్టించేది 'ఇన్‌పుట్' అన్న మాట. కొన్ని పెట్టెల్లో ఆ నాబ్ సంకేతాన్ని అంకెలుగా మార్చే భాగానికి మాత్రమే మోతాదు సరిచేస్తుంది. ఆ మార్పును సాఫ్ట్‌వేర్ తర్వాత తిరిగి సరిపుచ్చుతుంది, కాబట్టి ధ్వని గరుకుదనం మారదు. మరికొన్నింట్లో అదే పేరున్న నాబ్ నిజంగానే గరుకుదనాన్ని మారుస్తుంది. ఒకే మాటకు రెండు అర్థాలు! పరీక్ష సులువే: సగం గరుకుగా పలికే ప్రీసెట్ పెట్టి, ఒకే తీరున మీటుతూ ఆ నాబ్ తిప్పండి. గరుకుదనం మారకపోతే మీ పనికి అది ఉపయోగపడదు. దాన్ని వదిలేసి, వరుసలో అన్నిటికన్నా ముందు ఒక వాల్యూమ్ లేదా బూస్ట్ బ్లాకు పెట్టుకోండి.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. న్యూరల్ నెట్‌వర్క్ మోడళ్ళ ఫైళ్ళలో కొన్ని, తమను ఏ స్థాయి వద్ద రికార్డు చేశారో ఆ సంఖ్యను డీబీయూలలో వెంట తెచ్చుకుంటున్నాయి. 0 డీబీయూ అంటే 0.775 వోల్టు, ఎక్కడైనా అంతే. మీ ఆడియో ఇంటర్‌ఫేస్ స్థాయి కూడా తెలిస్తే సరిపోల్చుకోవచ్చు. మిగతావారు దీన్ని అనుసరించడానికి ఉన్న అడ్డంకి ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

అంతవరకూ మీరు చేయగలిగినది ఇది. రెండు గిటార్లనూ ఒకే ఇంటర్‌ఫేస్‌కు, దాని నాబ్ కదపకుండా, ఒకదాని తర్వాత ఒకటి కలపండి. ఆరు తీగలూ కలిపి గట్టిగా పదిసార్లు మీటి, మీటరు చూపే గరిష్ఠ స్థాయి రాసుకోండి. తేడా ఎంత వస్తే అంతే ముందు బ్లాకులో కలపండి లేదా తీసేయండి. ఆ తర్వాతే చివరి వాల్యూమ్ సరిచేసి పోల్చండి. ఎందుకంటే పెద్దగా వినిపించేదే మంచిదని చెవి సులభంగా మోసపోతుంది. బలమైన గిటార్‌ను దాని సొంత వాల్యూమ్ నాబ్‌తో తగ్గించడం అంత మంచిది కాదు, మామూలు వైరింగులో పై పౌనఃపున్యాలు కూడా తగ్గిపోతాయి. స్క్రూలు తిప్పి పికప్‌ను తీగలకు దగ్గర చేయవచ్చు గాని, మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి శ్రుతి చెడగొడుతుంది.

స్థాయి కుదిరితే ధ్వని కూడా ఒకటవుతుందని మాత్రం ఆశపడకండి. పికప్ చుట్ట ప్రేరకత్వం, కేబుల్ కెపాసిటీ కలిసి ఒక అనునాద వలయం అవుతాయి. 500 పికోఫారడ్‌ల కేబుల్‌తో 2.4 హెన్రీల ఒంటి చుట్ట సుమారు 4600 హెర్ట్‌జ్ వద్ద, 4.4 హెన్రీల హంబకర్ సుమారు 3400 హెర్ట్‌జ్ వద్ద అనునాదం చూపుతాయి. ఫిజిక్సు పుస్తకంలోని సూత్రంతో మీరే గుణించి చూడండి. ఈ తేడాను ఏ వాల్యూమ్ బ్లాకూ చెరపలేదు. దానికి టోన్ నాబ్‌లతో వేరే పని ఉంటుంది.

మావాడి గిటార్‌కూ స్నేహితుడి గిటార్‌కూ తేడా 8 డెసిబెల్స్ వచ్చింది. ముందు బ్లాకులో 8 కలిపాం. గర్జన వచ్చింది. స్నేహితుడిది కాస్త బొంగురు, మావాడిది కాస్త పదును. తీగలతో పాటు ఒంటి చుట్ట రొద కూడా 8 డెసిబెల్స్ పెరిగింది గనక నాయిస్ గేట్ మళ్ళీ సరిచేయవలసి వచ్చింది. ట్యూబులైటుకు దూరంగా కుర్చీ జరుపుకున్నాక అది కూడా కొంత తగ్గింది. గిటార్ అమ్మే మాట ఆ తర్వాత మావాడు ఎత్తలేదు.