పట్టా గడి పక్కన మిగిలిన పేర్లు

తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో సర్వే నంబరు కొడితే ఇప్పటి పట్టాదారు పేరు వస్తుంది, అతని తండ్రి పేరు వస్తుంది. తాత పేరు రాదు. అంతకుముందున్న ధరణిలోనూ అంతే, దానికి ముందున్న మా భూమిలోనూ అంతే. అవన్నీ ఈనాటి హక్కు తేల్చడానికి కట్టినవి, వంశం వెతుక్కునేవాళ్ల కోసం కట్టినవి కావు. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల నుంచి హైదరాబాద్‌కో, భివండికో, అమెరికాకో వెళ్లి స్థిరపడ్డవాళ్ల పిల్లలు తమ పెద్దల జాడ కోసం మొదట ఈ తెరనే తెరుస్తారు, చాలామంది అక్కడే ఆగిపోతారు. "మావాళ్లకు గుంటెడు భూమి లేదు, ఇంక కాగితం ఎక్కడిది" అని అసలు తెరవనివాళ్లు ఇంకా ఎక్కువ. ఆ మాట సరికాదు. భూమి లేనివాళ్ల పేర్లూ రాసి పెట్టారు. పట్టాదారు గడిలో కాదు, దాని పక్క గడుల్లో. రెవెన్యూ దఫ్తరంలో లేకపోతే మరో దఫ్తరంలో.

వెతుకులాటలో మొదట తేల్చుకోవాల్సింది మనిషి పేరు కాదు. ఆ ఊరు ఏ ఏట ఎవరి కింద ఉండేది అన్నది. 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వచ్చాయి, 2019లో నారాయణపేట విడిపోయింది. షాద్‌నగర్, ఆమనగల్లు ప్రాంతం రంగారెడ్డిలో కలిసింది. ఇది అందరికీ తెలిసిన సంగతే. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన సంగతి కొత్త తరానికి అంతగా తెలియదు. చాలామందిని పక్కదారి పట్టించేది మాత్రం 1956. గద్వాల, ఆలంపురం తాలూకాలు అంతవరకు రాయచూరు జిల్లాలో ఉండేవి, కొడంగల్ గుల్బర్గా జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనప్పుడే అవి మహబూబ్‌నగర్‌లోకి వచ్చాయి. కాబట్టి 1951 జనాభా లెక్కల జిల్లా పుస్తకాల్లో గద్వాల పక్క ఊరిని మహబూబ్‌నగర్ సంపుటంలో ఎంత వెతికినా దొరకదు, రాయచూరు సంపుటం తెరవాలి. ఈ పాత జిల్లా పుస్తకాలు జనగణన శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మనుషుల పేర్లుండవు. ఊరి పేరు అప్పట్లో ఎలా రాసేవారు, ఎన్ని ఇళ్లు, ఎంతమంది జనం, ఏ తాలూకా అన్నది ఉంటుంది. మిగతా కాగితాల కోసం ఎక్కడికి పోవాలో చెప్పేది ఈ వివరమే.

ఇంకాస్త వెనక్కి వెళ్తే జాగీర్లు, సంస్థానాలు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట సంస్థానాల ఊళ్ల లెక్కలు ఆ సంస్థానాల దఫ్తరాల్లోనే నడిచాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాకే ఆ ఊళ్లన్నీ సర్కారు లెక్కల్లోకి నేరుగా వచ్చాయి. తాత ఊరు నేరుగా సర్కారు కింద ఉన్న దివానీ గ్రామమా, జాగీరు గ్రామమా అని ఊళ్లో పెద్దమనిషిని ఒక్క మాట అడిగితే నెలల తరబడి తిరుగుడు తప్పుతుంది.

ఊరు తేలాక మనుషుల దగ్గరికి రావడానికి నాకు కనిపించిన మంచి మెట్టు 2002 ఓటర్ల జాబితా. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పోలింగ్ కేంద్రం వారీగా ఉంటుంది. ఇంటి నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు. అందులో డెబ్బై ఏళ్ల ముసలాయన కనిపిస్తే ఆయన 1932 ప్రాంతంలో పుట్టినట్టు. పక్కనున్న తండ్రి పేరు 1900 దరిదాపుల్లో పుట్టిన మనిషిది. అంటే ఒకే వరుసలో వందేళ్లు దాటేశాం. ఇక ఆ తండ్రి పేరు పట్టుకుని ఖాస్రా పహాణీకి పోవచ్చు.

ఖాస్రా పహాణీ 1954-55లో ఊరూరా పొలాల మీద తిరిగి రాసిన లెక్క. ఫసలీలో అది 1364. పాత కాగితం మీద ఫసలీ సంవత్సరం కనిపిస్తే 590 కలపాలి, నెలను బట్టి 591 కలపాల్సి వస్తుంది. ఇది తెరమీద దొరకదు. తహసీల్ ఆఫీసులోనో, కలెక్టరేట్ రికార్డు గదిలోనో నకలు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ నకలు చేతికొచ్చాక అందరి కన్ను పట్టాదారు గడి మీదే పడుతుంది. దాని పక్కన శిక్మీదారు గడి ఉంటుంది, అంటే పట్టాలో పేరెక్కని పాలివాళ్లు, అన్నదమ్ములు. ఆ పక్కన కబ్జాలో ఉన్నవాడి పేరు. దొర పేరు మీద పట్టా ఉన్న చెల్కలో నాగలి కట్టిన మనిషి ఈ గడిలో ఉంటాడు. ఇంటిపేరు ఉండకపోవచ్చు. చాకలి ఎల్లయ్య, కుమ్మరి రామయ్య, మాదిగ మల్లయ్య అని కులమే ఇంటిపేరు స్థానంలో కూర్చుంటుంది. కనుక ఇంటిపేరుతో వెతికితే చేతికేమీ రాదు. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఈ మూడూ కలిపి చూడాలి.

ఇంకా పాతదైన సర్వే సెటిల్మెంటు రిజిస్టరు, సేత్వార్, ఉర్దూలో ఉంటుంది. ఉర్దూ లిపిలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు, ళ-ల, ణ-న తేడా ఉండదు. ఎల్లయ్యా, అయిలయ్యా, ఇల్లయ్యా అన్నది రాత చూసి తేల్చలేం. వల్ద్ అని ఉంటే తర్వాతది తండ్రి పేరు, జౌజె అంటే భర్త పేరు, బేవా అని ఉంటే ఆమె వితంతువు. ఈ మూడు మాటలు గుర్తుపట్టడం వస్తే ఉర్దూ రానివాళ్లు కూడా పేజీలో సగం పని చేసుకోవచ్చు. మిగతా సగానికి ఊళ్లో ఉర్దూ మీడియంలో చదివిన పెద్దలుంటారు. వాళ్లు తగ్గిపోతున్నారు, అందుకే ఈ పని వాయిదా వేయొద్దంటాను.

అన్నిటికంటే నేను విలువిచ్చే కాగితం రక్షిత కౌలుదార్ల రిజిస్టరు. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ఆరలేదు. నల్లగొండ ఆ పోరాటానికి గుండెకాయ. పరాయి భూమి దున్నుకుంటున్నవాడిని ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టకూడదని సర్కారు ఒప్పుకుని, ఏ సర్వే నంబరులో ఎవరు కౌలుదారో పేరుపేరునా రాయించింది. తరాల తరబడి ఎవరి లెక్కలోనూ లేని మనుషులు తండ్రి పేరుతో సహా మొదటిసారి సర్కారు పుస్తకంలోకి ఎక్కింది అక్కడే. తర్వాత 38-ఇ సెక్షన్ కింద కొందరికి యాజమాన్య సర్టిఫికెట్లు వచ్చాయి, వాటి వెంట వారసుల పేర్లూ నమోదయ్యాయి. ఈ రిజిస్టర్లను ఇప్పటిదాకా కోర్టు కేసుల కోసమే తిరగేస్తున్నారు. బీద కుటుంబాల చరిత్రకు ఇంతకు మించిన ఆధారం ఈ రెండు జిల్లాల్లో లేదని నా నమ్మకం. జిల్లాకు జిల్లా స్కాన్ చేసి జనం ముందు పెట్టాల్సినవి ఇవి. ఊరి సేవకు ఇచ్చిన ఇనాం భూముల కాగితాలూ ఇలాంటివే. చెరువు నీళ్లు పారించే నీరడి, ఊరి కావలి సేతసింధి పని చేసినవాళ్ల పేర్లు, వాళ్ల తర్వాత ఆ పని అందుకున్న కొడుకుల పేర్లు వాటిలో వరసగా వస్తాయి.

రెవెన్యూ కాగితంలో తేలిగ్గా దొరకని దళిత కుటుంబాల కోసం సముద్రాలు దాటాలి. మనం కదలకుండానే. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ దంపతులు 1890లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున నల్లగొండలో పని మొదలుపెట్టారు. పాలమూరులో అదే మిషన్‌కు చెందిన ఎల్బర్ట్ చూట్ 1885 నుంచి ఉన్నారు. ఆ తర్వాత మెన్నోనైట్ బ్రెదరెన్ మిషన్ దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, కల్వకుర్తిలో కేంద్రాలు పెట్టింది, 1937లో మహబూబ్‌నగర్ కేంద్రాన్నీ తీసుకుంది. వాళ్ల ఏటేటి నివేదికలు, పత్రికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఫొటోలు కెనడాలోని మెన్నోనైట్ సంస్థలు నడిపే చిత్రాల భాండాగారంలో ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఉత్తరాలు, కాగితాలు కాన్సాస్‌లోని హిల్స్‌బరో, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో కేంద్రాల్లో ఉన్నాయి. వెతికేటప్పుడు పాల్మూర్, నల్గుండ లాంటి పాత రాతలూ కొట్టి చూడాలి. నివేదికల్లో ఊరి బోధకుల పేర్లు, బడి పంతుళ్ల పేర్లు వస్తాయి. మామూలు కుటుంబాల పేర్లు బాప్తిస్మపు పుస్తకాల్లో ఉంటాయి, అవి ఇక్కడి సంఘాల దగ్గరే ఉండాలి. బాప్తిస్మంతో పేరు మారినా తండ్రి పేరు పాతదే నిలుస్తుంది, పోచయ్య కొడుకు పౌలు అని. ఆ పోచయ్య ద్వారానే ఖాస్రా పహాణీకి ముడి పడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు క్రైస్తవులకు వర్తించదు, అందువల్ల చర్చిలో ఒక పేరు, సర్కారు కాగితంలో మరో పేరుతో బతుకుతున్న కుటుంబాలున్నాయి. బతికున్నవాళ్ల వివరాలు ఎవరి చేతికీ పోనీయకూడదు, బయట ఎక్కడా పెట్టకూడదు.

మునిగిన ఊళ్లది వేరే దారి. నాగార్జునసాగర్ కింద ఏలేశ్వరం పోయింది. శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, ఆలంపురం వైపు ఊళ్లకు ఊళ్లే పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో కట్టారు, సోమశిల గుడినీ పైకి తరలించారు. ఆ ఊళ్లలో ఎవరెవరి భూములు, ఇళ్లు పోయాయో భూసేకరణ అవార్డుల్లో ఉంటుంది. నష్టపరిహారం ఎవరికి ఎంత అని రాసినప్పుడు అన్నదమ్ములందరి పేర్లూ రాయక తప్పలేదు. ఊరు ఎక్కడుండేదో కళ్లతో చూడాలంటే టెక్సాస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం వెబ్‌సైట్‌లో అమెరికా సైన్యం 1950ల నుంచి అచ్చువేసిన భారతదేశపు పటాలున్నాయి. డ్యాములు నిండకముందు కృష్ణ ఒడ్డున ఏమున్నదో వాటిలో కనిపిస్తుంది.

అక్షరం వచ్చిన కుటుంబాలవాళ్లు సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ కవుల సంచిక తప్పక చూడాలి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులను ఊరి పేరుతో, వివరాలతో అచ్చుకెక్కించారాయన. 1926లో మొదలైన ఆయన గోలకొండ పత్రిక పాత సంచికలు ప్రెస్ అకాడమీ డిజిటల్ ఆర్కైవ్‌లో ఉన్నాయి.

ఇంత కాగితం తిరగేశాక కూడా మిగిలిపోయే ఖాళీలను పూరించగలిగేది ఆశ్రిత కులాలవాళ్లు. రెడ్లకు పిచ్చికుంట్లవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు. ఏ ఊరి మిరాశీ ఏ ఇంటిదో వాళ్లలో వాళ్లకు పంపకం ఉంటుంది. ఆ వంతు ప్రకారం ఊరికి వచ్చి, పటం ఉన్నవాళ్లు పటం కట్టి, కథ చెప్పి, గోత్రం, వంశం చదివి, కొత్తగా పుట్టినవాళ్ల పేర్లు కలుపుకుని, రావాల్సిన కట్నం అడిగి తీసుకుపోతారు. వాళ్ల దగ్గర సంవత్సరాలుండవు, వరస ఉంటుంది. కాగితం దగ్గర సంవత్సరం ఉంటుంది గానీ వరస తెగిపోతుంది. సోలాపూర్‌కో భివండికో మగ్గం వెంట వలస పోయిన నల్లగొండ పద్మశాలీ కుటుంబానికి ఇంటిపేరు, గోత్రం తప్ప ఊరి పేరు కూడా గుర్తులేదనుకుందాం. ఆ రెండూ పట్టుకుని కూనపులివాళ్లను అడిగితే ఆ ఇంటిపేరు ఏ ఊళ్లలో ఉందో చెప్పగలరు. ఆ ఊళ్ల 2002 ఓటర్ల జాబితాలు తెరిచి, ముసలివాళ్ల తండ్రుల పేర్లు రాసుకుని, ఇంట్లో చెప్పుకునే తాతల పేర్లతో పోల్చుకుంటూ పోవాలి. ఒక ఊళ్లో రెండు పేర్లు కలిస్తే మిగతాది తహసీల్ ఆఫీసులో అడగాల్సిన పని.